ఆ తెల్ల కప్పు చైనాదా, ఫ్రెంచ్‌దా? ఎముకల్లేని పింగాణీ సంగతి

మీ ప్రశ్న, ఫోటోలు రెండూ నిదానంగా చూశానండీ. లియోన్‌లో ఆదివారం పాతసామాన్ల సంతలో చెయ్యి లేని చిన్న తెల్ల కప్పు కొన్నారు, బయట వైపు పూల కొమ్మ ఉబ్బెత్తుగా అతికించినట్టు ఉంది, అడుగున ముద్ర ఏమీ లేదు. అమ్మినాయన ఇది పారిస్ దగ్గరి సాన్ క్లూ ఫ్యాక్టరీ పింగాణీ, 1710 ప్రాంతం అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే చైనా కప్పు ఒకటి అచ్చం ఇలాగే కనిపించింది. ఇప్పుడు ఇది ఎవరిది, అసలు ఫ్రెంచ్ వాళ్ళు చైనా వాళ్ళని మక్కీకి మక్కీ దించేశారా అని అడిగారు.

ఫోటో చూసి ఇదే అని నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ కప్పు మీ చేతిలో ఉంది కాబట్టి చాలావరకు మీరే తేల్చుకోవచ్చు, దానికి ముందు ఆ రెండు రకాల కప్పుల ఒళ్ళు దేంతో చేశారో తెలియాలి. నేను గూడూరులో సెరామిక్స్ డిప్లొమా చేసి పదేళ్ళు కరెంటు ఇన్సులేటర్ల ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర ఉన్నా, తర్వాత పదిహేనేళ్ళు ఇక్కడ లిమోజ్ పక్కన మట్టి కలిపే సెక్షన్‌లో పనిచేశా, అందుకని డిజైన్ కంటే ముందు మట్టి గురించి మాట్లాడతా, కొంచెం ఓపిక పట్టండి.

మన ఇంట్లో మట్టికుండ ఉంటుంది, నీళ్ళు పోస్తే చెమరుస్తుంది, అంటే ఒళ్ళంతా సన్న రంధ్రాలు. ఆవకాయ జాడీ ఇంకో రకం, గట్టిగా కాలి రంధ్రాలు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి నూనె, ఉప్పు ఏళ్ళ తరబడి ఉన్నా లోపలికి ఇంకవు, కానీ వెలుతురు మాత్రం దాటదు. పింగాణీ అంటే ఆ రెండూ కాక మూడోది, తెల్లగా ఉండాలి, నీళ్ళు పీల్చకూడదు, పల్చగా చేస్తే దీపం ముందు పెట్టినప్పుడు వెలుగు దాటాలి. చైనా వాళ్ళు ఇది రెండు పదార్థాలతో సాధించారు. ఒకటి కయోలిన్, అంటే ఎంత వేడికైనా కరగకుండా నిలబడే తెల్లమట్టి. రెండోది పెటున్సే అని యూరప్ వాళ్ళు పిలిచిన తెల్లరాయి పొడి, ఇది ఆ వేడికి కరిగి గాజులా మారి కయోలిన్ రేణువుల మధ్య సందులన్నీ నింపుతుంది. ఈ రెండూ కలిపి 1300 డిగ్రీల దగ్గర కాల్చాలి. నేను ఇన్సులేటర్లకి కలిపిందీ దాదాపు ఇదే లెక్క, కయోలిన్, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, కరెంటు స్తంభం మీద కనిపించే ఆ పింగాణీ గుండ్లకీ, చైనాలో పింగాణీకి పేరుమోసిన ఊరు జింగ్‌డెజెన్ గిన్నెకీ చుట్టరికం ఉంది.

ఇప్పుడు 1670ల ఫ్రాన్స్‌కి వద్దాం. చైనా పింగాణీ అంటే అక్కడ అప్పటికే పిచ్చి. 1670లో పద్నాలుగో లూయీ వెర్సాయ్ తోటలో త్రియానన్ అని ఒక చిన్న మహల్ కట్టించి దానికి నీలం తెలుపు పలకలు తొడిగించి పింగాణీ త్రియానన్ అని పేరు పెట్టించాడు, నాన్‌జింగ్‌లో ఉన్న పింగాణీ గోపురం బొమ్మలు పుస్తకంలో చూసి మోజుపడి. కానీ ఆ పలకలు పింగాణీ కాదు, మామూలు మట్టి మీద తగరం కలిపిన తెల్ల గ్లేజ్, అంటే గాజులాంటి పూత, పూసినవి, ఫైయాన్స్ అంటారు. వెర్సాయ్ చలికి మంచుకి ఆ పలకలు పగిలిపోతూ ఉండేవి, 1687లో మొత్తం పడగొట్టేశారు. రాజుకే అసలు పింగాణీతో గోడ కట్టుకునే దారి లేదంటే చూడండి. మోజు మాత్రం ఇంకా పెరిగింది, 1686లో సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు పంపిన రాయబారులు తెచ్చిన కానుకల్లో 1500 దాకా పింగాణీ వస్తువులు ఉన్నాయి, 1700లో ఆంఫిట్రీట్ అనే ఓడ చైనా రేవు కాంటన్ నుంచి నేరుగా సరుకు తెచ్చింది.

ఇక్కడ మనవైపు ముచ్చట ఒకటి. ఈ వ్యాపారం చేసిన ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ 1664లో పుట్టింది, 1669లోనే గోల్కొండ సుల్తాన్ల రాజ్యంలో ఉన్న మచిలీపట్నంలో కొట్టు పెట్టింది, తర్వాత పాండిచ్చేరి, ఆ తర్వాత యానాం. చైనా సరుకు కొంత మన కోరమండల్ తీరం రేవుల మీదుగానే యూరప్ వెళ్ళేది, అందుకే చైనాలో తయారైన లక్క తెరలకి ఈనాటికీ కోరమండల్ స్క్రీన్స్ అనే పేరు, అవి మన తీరంలో చేసినవి కావు, మన తీరంలో ఓడెక్కినవి అంతే. పారిస్ మ్యూజియంలో మొదటిసారి ఆ లేబుల్ చూసినప్పుడు నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయా.

సరే, అసలు విషయం. ఫ్రాన్స్‌లో మొదటి ప్రయత్నం రూఆన్‌లో. లూయీ పోతరా అనే ఆయన 1673లో చైనా తరహా పింగాణీ చెయ్యడానికి రాజు దగ్గర అనుమతిపత్రం తీసుకున్నాడు. ఆయనవి అని చెప్పే పీసులు ఈరోజు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, నీలం రంగు పనితో చిన్న చిన్న పాత్రలు. నిజంగా ఫ్యాక్టరీలా నడిచింది సాన్ క్లూ, పారిస్ పక్కనే సేన్ నది ఒడ్డున, రాజుగారి తమ్ముడు ఓర్లియాన్స్ డ్యూక్ అండ. అక్కడ పియెర్ షికనో అనే ఫైయాన్స్ పనివాడు తెల్ల పింగాణీ రహస్యం కనిపెట్టాడనీ, ఆయన పోయాక భార్య బార్బ్ కూద్రే, పిల్లలు దాన్ని నిలబెట్టారనీ వాళ్ళ కుటుంబమే చెప్పుకుంది. ఆవిడ తర్వాత ఆన్రీ త్రూ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుంది, ఆ త్రూ కుటుంబమే చివరిదాకా నడిపింది. 1698లో మార్టిన్ లిస్టర్ అనే ఇంగ్లీష్ డాక్టర్ పారిస్ వచ్చి ఇక్కడి పాత్రలు చూసి, నేను చూసిన మంచి చైనా సరుక్కీ దీనికీ తేడా పట్టలేకపోయా అని రాసుకున్నాడు, చాక్లెట్ తాగే మామూలు కప్పులకి కూడా విపరీతమైన రేటు చెప్తున్నారని కూడా రాశాడు. 1702లో రాజుగారి అనుమతిపత్రం వచ్చింది, 1766 దాకా నడిచి మూతపడింది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. సాన్ క్లూ కప్పు చూడ్డానికి చైనాలా ఉంటుంది కానీ దాని ఒళ్ళు చైనా ఒళ్ళు కాదు, అందులో కయోలిన్ లేదు. వాళ్ళ చేతిలో ఆ మట్టి లేదు, తమ నేలలో ఉందని తెలీదు. మరి ఏం చేశారంటే, వెలుగు దాటే తెల్ల వస్తువు తమకి తెలిసింది ఒక్కటే, గాజు. సరే గాజుతోనే కప్పు చేద్దాం అనుకున్నారు. ఇసుక, సురేకారం, ఉప్పు, సోడా, పటిక, జిప్సం అన్నీ కలిపి గంటల కొద్దీ కాల్చి ఒక గాజు ముద్ద చేస్తారు, దీన్ని ఫ్రిట్ అంటారు. దాన్ని పొడిగా నూరి, కడిగి, మళ్ళీ అందులో సుద్ద, కొంచెం సున్నపు మట్టి కలుపుతారు. తర్వాత్తర్వాత వాన్సెన్ అనే ఇంకో ఫ్రెంచ్ ఫ్యాక్టరీలో వాడిన పాళ్ళు చూస్తే మూడు వంతులు ఫ్రిట్, ఒక వంతు సుద్దా మట్టీ కలిపి, అంతే. మూడు వంతులు గాజుపొడి ఉన్నదాన్ని మట్టి అనొచ్చా మీరే చెప్పండి. దీన్నే మెత్త పింగాణీ అంటారు, ఫ్రెంచ్‌లో పాత్ తాన్‌ద్ర్. మెత్త అంటే చేతికి మెత్తగా ఉంటుందని కాదు, తక్కువ వేడికే మెత్తబడిపోతుందని, పైగా దాని గ్లేజ్ మీద గీత సులువుగా పడుతుంది. చైనా రకం గట్టి పింగాణీ, పాత్ ద్యూర్.

దీంతో పని చెయ్యడం ఎంత నరకమో నాకు తెలుసు. చాలా ఏళ్ళ కిందట పని అయ్యాక ఇద్దరు ముగ్గురం కలిసి పాత పాళ్ళ ప్రకారం ఫ్రిట్ బాడీ ఒకటి కలిపాం, ఊరికే చూద్దామని. మొదట సారె మీద పెడితే నిలబడదు, ఎందుకంటే జిగి ఇచ్చే మట్టి అందులో లేదు, తడి ఇసుకని తిప్పినట్టు చిట్లిపోతుంది. పాతకాలం వాళ్ళు నల్ల సబ్బు, జిగురు ఉడికించి కలిపి దానికి కాస్త సాగుడు తెచ్చి అచ్చుల్లో నొక్కేవాళ్ళు, మేమూ అలాగే చేశాం. ఎండాక చేత్తో ముట్టుకుంటే అంచు రాలిపోతోంది. కాల్చేటప్పుడు ఇంకో తిప్పలు, పదీ ఇరవై డిగ్రీలు తక్కువైతే సుద్దముక్కలా నీళ్ళు పీల్చేస్తుంది, అంతే ఎక్కువైతే కప్పు మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయి మైనంలా కూలబడుతుంది. పదకొండు కప్పులు పెడితే నిలబడినవి రెండు, ఆ రెంట్లో ఒకటి గ్లేజ్ కాల్పులో పళ్ళేనికి అంటుకుపోయింది. మా దగ్గర డిజిటల్ కంట్రోలర్, గ్యాస్ బట్టీ ఉండి ఇదీ పరిస్థితి, మరి వాళ్ళు కట్టెల మంటతో, రంగు చూసి వేడి అంచనా వేస్తూ వందల కప్పులు తీశారు. అందుకే సాన్ క్లూ సరుకుని చైనాకి చవక నకలు అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది, ఆ పనివాళ్ళు చైనా వాళ్ళకంటే కష్టమైన దారిలో నడిచారు, దారి తప్పు అని వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు.

గ్లేజ్ కూడా వేరు, గుర్తుపెట్టుకోండి, మీ కప్పుకి ఇది అక్కరకొస్తుంది. చైనా పింగాణీలో గ్లేజ్, ఒళ్ళు ఒకే పెద్ద మంటలో కలిసి కాలి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆ గ్లేజ్‌లో సీసం ఉండదు. ఫ్రెంచ్ మెత్త పింగాణీలో ముందు ఒళ్ళు కాల్చి, తర్వాత సీసం ఎక్కువున్న గ్లేజ్ పూసి తక్కువ వేడిలో రెండోసారి కాలుస్తారు. అందుకని గ్లేజ్ మందంగా, నూనె రాసినట్టు, వెన్నలాంటి తెలుపులో ఉంటుంది, మీద రంగులేస్తే అవి గ్లేజ్‌లోకి ఇంకిపోయినట్టు కనిపిస్తాయి, గట్టి పింగాణీ మీద అవే రంగులు పైన పేరుకున్నట్టు ఉంటాయి.

ఇక చైనా నుంచి ఏం తీసుకున్నారు అనేదానికి వస్తా. మీ కప్పు లాంటివాటికి మూలం ఫూజియన్ ప్రాంతంలో దెహువా అనే ఊరు, అక్కడ రంగు ఏమీ లేకుండా ఏనుగుదంతం తెలుపులో పింగాణీ చేసేవాళ్ళు, ఫ్రెంచ్ వాళ్ళే దానికి బ్లాన్ ద షీన్ అంటే చైనా తెలుపు అని పేరు పెట్టారు. ప్లమ్ పూల కొమ్మని విడిగా అచ్చు తీసి కప్పుకి అతికించడం వాళ్ళ పద్ధతి. చైనాలో ఆ కొమ్మకి ఒక అర్థం ఉంది, ఇంకా చలి పోకముందే ఆకుల్లేని కొమ్మకి పూసే పువ్వు, ఓర్పుకి గుర్తు. సాన్ క్లూలో అచ్చు తీసిన పనివాడికి ఆ అర్థం తెలుసని నేననుకోను, కానీ తెల్ల మీద తెలుపు అందం ఆయన కంటికి అందింది, ఎందుకంటే ఆయన మట్టికి అదే బాగా నప్పుతుంది, వెన్నలా మందమైన గ్లేజ్ కింద ఆ కొమ్మ కొంచెం కరిగినట్టు మెత్తబడుతుంది. దెహువా కొమ్మలో ప్రతి మొగ్గా గోరుతో గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, సాన్ క్లూ కొమ్మ మంచులో చూసినట్టు ఉంటుంది. నాకైతే రెండోదే ఇష్టం.

నీలం పని సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తెలుపు మీద నీలం అనే ఆలోచన చైనాది, ఆకారాలు కొన్ని చైనావి, కానీ సాన్ క్లూ కప్పుల మీద వేసిన నీలం నగిషీ ఎక్కువగా వాళ్ళ సొంతం, లాంబ్రకాన్ అంటారు, గుమ్మానికి తోరణం వేలాడినట్టు అంచు చుట్టూ దిగే లేసు పని, వెర్సాయ్ దర్బారు అలంకారాల నుంచి వచ్చింది. పనివాళ్ళు చైనా వాళ్ళ రంగు తీసుకుని తమ ఊరి ముగ్గు పెట్టారన్నమాట. కప్పు కింద పెట్టే సాసర్ కూడా చూడండి, కప్పు జారకుండా మధ్యలో ఎత్తైన గట్టు కట్టారు, ఒణికే చేతులవాళ్ళకి అని త్రాంబ్లజ్ అని పేరు, వేడి చాక్లెట్ మంచంలో కూర్చుని తాగే దొరలకి పనికొచ్చే వస్తువు.

షాంతియీ అనే ఊరి ఫ్యాక్టరీ ఇంకో లోకం. అక్కడ కోందే రాకుమారుడు, బోర్బోన్ డ్యూక్ లూయీ ఆన్రీ, జపాన్ పింగాణీ మీద ప్రాణం పెట్టినవాడు, ముఖ్యంగా కకియెమోన్ రకం, పాలలాంటి తెలుపు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, కాస్త పసుపుతో పిట్టలు, కంచెలు, గడ్డిమోపులు, చాలా ఖాళీ వదిలి వేసిన బొమ్మలు. ఆయన సీకేర్ సీరూ అనే పనివాణ్ణి పెట్టుకుని తన కోటదగ్గరే ఫ్యాక్టరీ పెట్టించాడు, 1735లో అనుమతిపత్రం వచ్చింది, అందులోనే జపాన్ తరహా పింగాణీ అని రాసుంది. కానీ వాళ్ళ ఒళ్ళు పసుపు చాయ, జపాన్ పాలతెలుపు రాదు. అందుకని సీరూ ఫైయాన్స్ వాళ్ళ పాత విద్య తీసుకొచ్చి గ్లేజ్‌లో తగరం కలిపాడు, తగరం కలిస్తే గ్లేజ్ తెల్లగా చిక్కబడి కింద ఒంటి రంగుని మూసేస్తుంది. పింగాణీ మీద అది దాదాపు ఎవరూ చెయ్యని పని. కప్పు ఒళ్ళు గాజు, పైన మట్టికుండల తెల్ల పూత, దాని మీద జపాన్ పిట్ట. ఎర్రటి వేట కొమ్ము ముద్ర వాళ్ళది, వేటంటే ఆ ఇంటికి అంత ఇష్టం. షాంతియీ కోటలో కోందే మ్యూజియం ఉంది, లియోన్ నుంచి పారిస్ వెళ్ళినప్పుడు ఒక పూట పెట్టుకుని వెళ్ళి ఆ తెలుపు కళ్ళారా చూడండి.

మెన్సీ అనే ఇంకో మెత్త పింగాణీ ఫ్యాక్టరీ గురించి ఎక్కువ చెప్పను, విల్‌రువా డ్యూక్ అండతో ఫ్రాన్సువా బార్బాన్ నడిపాడు, కస్టర్డ్ గిన్నెలు, నశ్యం డబ్బాలు బాగుంటాయి, అంతవరకు చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఫ్రాన్సువా గ్జావియే దాంత్రకోల్ అని జెసూయిట్ పాదిరీ, చైనాలో జింగ్‌డెజెన్ దగ్గర ఉండేవాడు, ఆయన చర్చికి వచ్చేవాళ్ళలో బట్టీ పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళని అడిగి, తనే తిరిగి చూసి, 1712 సెప్టెంబర్ 1న ఒక పొడుగాటి ఉత్తరం రాశాడు, మళ్ళీ 1722లో ఇంకోటి. మట్టి ఎక్కడిది, ఎలా కడుగుతారు, గ్లేజ్ దేంతో, బట్టీ ఎలా పేరుస్తారు, ఒక్కో పాత్ర డెబ్బై మంది చేతులు మారుతుందని కూడా రాశాడు. వంద మాటల్లో తేలని సంగతి ఒకటి అక్కడి వ్యాపారి నోట చెప్పించాడు. యూరప్ వాళ్ళు కొందరు పెటున్సే ఇటుకలు కొనుక్కుని ఓడలో వేసుకెళ్ళి తమ దేశంలో పింగాణీ చెయ్యబోయారట, కయోలిన్ తీసుకెళ్ళలేదు, పని బెడిసికొట్టింది. ఆ కథ చెప్పి ఆ చైనా వ్యాపారి నవ్వుతూ, ఎముకలు లేకుండా కండతో నిలబడే ఒళ్ళు కావాలన్నారు వాళ్ళు అన్నాడట. కయోలిన్ ఎముక, పెటున్సే కండ. మట్టి కలిపే పనిలో ఇన్నేళ్ళున్నా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పగా నేను వినలేదు, మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను ఇప్పటికీ ఇదే మాటతో మొదలుపెడతా.

మరి 1712లోనే రహస్యం ఉత్తరంలో వచ్చేస్తే ఇంకా యాభై ఏళ్ళు ఎందుకు పట్టింది అని మీకు అనిపించాలి. వంట రాసిచ్చారు, సరుకు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు, అదీ సంగతి. కయోలిన్ అనేది గావ్‌లింగ్ అనే కొండ పేరు, ఎత్తైన గుట్ట అని అర్థం, పెటున్సే అంటే చిన్న తెల్ల ఇటుక అని. పేరు చదివితే రాయి గుర్తుపట్టలేం కదా. రెయోమ్యూర్ లాంటి పెద్ద సైంటిస్టు చైనా నుంచి వచ్చిన శాంపిల్స్ తీసుకుని కాల్చి చూసి 1727, 1729లలో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి పేపర్లు ఇచ్చాడు, ఒకటి కరిగేది ఒకటి కరగనిది అని పట్టుకున్నాడు కూడా, కానీ ఫ్రాన్స్ నేలలో ఆ కరగని మట్టి ఎక్కడుందో తేలలేదు. జర్మనీలో మైసెన్‌లో బోట్గర్ వాళ్ళు మాత్రం ఆ ఉత్తరం రాకముందే గట్టి పింగాణీ చేసేశారు, 1710లో ఫ్యాక్టరీ, వాళ్ళ సాక్సనీ నేలలో ఆ మట్టి దొరికింది మరి.

ఈ మధ్యకాలంలోనే ఫ్రాన్స్ తన మెత్త పింగాణీని ఎవరూ ఊహించనంత ఎత్తుకి తీసుకెళ్ళింది. 1740లో షాంతియీ నుంచి ద్యూబువా అన్నదమ్ములు వచ్చి వాన్సెన్ కోటలో మొదలుపెట్టారు, వాళ్ళ వల్ల కాలేదు, ఫ్రాన్సువా గ్రావాన్ అనే ఆయన పాళ్ళు సరిచేశాడు, 1745లో ఇరవై ఏళ్ళ గుత్తాధికారం, తర్వాత ఝాన్ ఎలో అనే కెమిస్ట్ రంగులు చూశాడు. 1753లో ఎలో తయారుచేసిన బ్లూ సెలెస్త్, ఆకాశ నీలం, రాగితో వచ్చే ఆ పచ్చనీలం, పారిస్‌లో అప్పుడు అందరూ ఎగబడి కొంటున్న చైనా టర్కాయిస్ గ్లేజ్ పాత్రలకి జవాబు. పదిహేనో లూయీకి ఆ రంగులో పెద్ద డిన్నర్ సెట్టే చేసిచ్చారు. 1756లో ఫ్యాక్టరీ పారిస్ పక్కనే ఉన్న సెవ్ర్‌కి మారింది, 1759లో రాజే కొనేశాడు. ఈ రంగు మెత్త పింగాణీ మీద ఎంత లోతుగా ఉంటుందో గట్టి పింగాణీ మీద అంత రాదు, గ్లేజ్‌లో సీసం ఉంది కాబట్టి, రంగు అందులో మునిగిపోతుంది కాబట్టి. ఎముకలు లేకపోవడం వాళ్ళకి లోటు అన్న మాట నిజమే, అయినా ఆ లోటులోంచే ఈ రంగు వచ్చింది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్ జంగ్ మ్యూజియంలో సెవ్ర్ పీసులు, వేరే హాళ్ళలో చైనా పింగాణీ రెండూ ఉంటాయి, ఒకే రోజు రెండూ చూస్తే కన్ను బాగా తయారవుతుంది.

అదే గుత్తాధికారం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. స్ట్రాస్‌బుర్గ్‌లో పాల్ అన్నోంగ్ 1751 నాటికే గట్టి పింగాణీ చేస్తున్నాడు, రాజుగారి ఫ్యాక్టరీకి పోటీ అని ఆపించేస్తే ఆయన 1755లో సరిహద్దు దాటి జర్మనీవైపు ఫ్రాంకెన్‌తాల్‌లో పెట్టుకున్నాడు. చేతికొచ్చిన విద్యని గడప దాటించేశారు.

చివరికి మట్టి ఎక్కడ దొరికిందో వినండి, నేనుండే చోటికి గంట దూరం కూడా లేదు. లిమోజ్ దక్షిణాన సాన్ తిరియే అనే ఊళ్ళో దార్నే అనే వైద్యుడి భార్య, బట్టలు ఉతకడానికి సబ్బులా పనికొస్తుందేమోనని ఒక తెల్లమట్టి చూపించిందట. మన ఊళ్ళలో చాకలివాళ్ళు చౌడుమట్టితో బట్టలు ఉతికేవాళ్ళు కదా, అలాంటి ఆలోచనే. ఆయన ఆ మట్టిని బోర్డోలో విల్లారిస్ అనే మందుల తయారీదారుకి పంపాడు, అక్కణ్ణుంచి సెవ్ర్‌లో కెమిస్ట్ మకేర్ చేతికి, 1768లో వాళ్ళు వచ్చి చూసి ఇదే కయోలిన్ అని తేల్చారు, మరుసటి ఏడాదికే సెవ్ర్‌లో గట్టి పింగాణీ తయారైంది, 1771లో లిమోజ్‌లో ఫ్యాక్టరీ. గ్రానైట్ రాయిలోని ఫెల్డ్‌స్పార్ లక్షల ఏళ్ళు నాని కుళ్ళితే కయోలిన్ అవుతుంది, లిమూజాన్‌లో, అంటే ఈ లిమోజ్ ప్రాంతంలో, గ్రానైట్ ఎక్కువ. రాజులు, డ్యూకులు, అకాడమీ అంతా వెతికిన ఎముక ఒక గృహిణి బట్టల బుట్ట పక్కన ఉంది. సెవ్ర్‌లో మెత్త పింగాణీ ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు చేశారు, 1804లో అప్పటి ఫ్యాక్టరీ డైరెక్టర్ బ్రోన్యార్ ఆపేశాడు.

ఇక మీ కప్పు. మొదట పగటి వెలుతురులో అడుగు చుట్టూ గ్లేజ్ లేని అంచు చూడండి. ఎక్కడైనా చిన్న పెచ్చు ఊడి ఉంటే అదృష్టం, భూతద్దం పెట్టి చూడండి. గట్టి పింగాణీ విరిగినచోట గాజు విరిగినట్టు నున్నగా మెరుస్తుంది, ఒళ్ళూ గ్లేజూ ఎక్కడ కలిశాయో గీత పట్టలేరు. మెత్త పింగాణీ విరిగినచోట పటికబెల్లం పొడిలా గరుకుగా, తరచూ టీ మరక పీల్చుకున్నట్టు గోధుమరంగులో ఉంటుంది, గ్లేజ్ వేరే పొరలా కనిపిస్తుంది. కొత్తగా మీరు పెచ్చు తీయకండి, ఆకురాయితో గీసి చూడమని పాత పుస్తకాల సలహా ఒకటి ఉంది, దయచేసి అది అసలు చెయ్యకండి. తర్వాత గ్లేజ్ చూడండి, సాన్ క్లూ గ్లేజ్‌లో సూదిమొనతో పొడిచినట్టు సన్న గుంటలు చాలాసార్లు ఉంటాయి, లోపల చెంచా గీతలు పడి ఉంటాయి, గోడ మందంగా బరువుగా ఉంటుంది. ఫోన్ లైట్ లోపల పెట్టి చీకట్లో చూస్తే సాన్ క్లూది పసుపు తేనెరంగు వైపు వెళ్తుంది, కానీ దెహువాది కూడా వెచ్చటి చాయే కాబట్టి ఈ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోకండి.

పక్కా ఆధారం కావాలంటే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్ష, కప్పుకి ఏ దెబ్బా తగలదు, తుపాకీలాంటి యంత్రం గ్లేజ్ మీద పెట్టి అందులో సీసం ఉందో లేదో నిమిషంలో చెప్పేస్తారు. సీసం లేదంటే సాన్ క్లూ కాదు, ఇక దెహువా అయినా అయ్యుండాలి, లేదా 19వ శతాబ్దంలో పారిస్‌లో ఎద్మే సామ్సన్ కంపెనీ గట్టి పింగాణీతో చేసిన పాతరకం నకళ్ళలాంటిది అయినా అయ్యుండాలి, వాళ్ళు పాత ఫ్యాక్టరీల సరుకంతా దించారు. సీసం ఉందంటే కూడా వెంటనే సాన్ క్లూ అని ఎగరకండి, 1750 ప్రాంతంలో లండన్‌లో బో ఫ్యాక్టరీ వాళ్ళు ఇదే ప్లమ్ కొమ్మతో తెల్ల కప్పులు చేశారు, వాళ్ళ ఒంట్లో ఎముకల బూడిద కలుపుతారు కాబట్టి గ్లేజ్ లేని ఒంటి మీద అదే యంత్రం పెడితే ఫాస్ఫరస్ బయటపడుతుంది. ముద్ర లేకపోవడం ఏ వైపుకీ సాక్ష్యం కాదు, సాన్ క్లూ తెల్లవాటిలో ముద్ర లేనివి బోలెడు.

అందాక ఏం చేసినా అందులో కాఫీ, టీ, నిమ్మరసం ఏదీ తాగకండి, సీసం గ్లేజ్ పులుపుకి కొద్దికొద్దిగా దిగుతుంది. వేడినీళ్ళు పోయకండి, డిష్‌వాషర్‌లో అస్సలు వద్దు, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. లియోన్‌లో వేలం హౌసుల్లో సెరామిక్స్ చూసే నిపుణులు ఉంటారు, చేత్తో పట్టుకెళ్ళి చూపించండి. ముందు మాత్రం అడుగు అంచు దగ్గర్నుంచి తీసిన ఫోటో ఒకటి, ఆ కొమ్మలో ఒక్క మొగ్గ నిండా కనిపించేలా ఒకటి, చీకట్లో లైట్ పెట్టింది ఒకటి ఇక్కడ పెట్టండి, వంటింటి కాటా మీద పెట్టి బరువు, స్కేలుతో ఎత్తు కూడా రాయండి, ఆదివారం తీరిగ్గా కూర్చుని చూస్తా.